మాస్టారికి అక్షరాలు పెద్దవి చేసిన రోజు

మా టైపు మాస్టారు పోయారు. గురువారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ అమీర్‌పేటలో మెట్రో మారుతుండగా అమ్మ ఫోను చేసింది. అమ్మ అంటే మాస్టారి భార్య. ఆయన దగ్గర టైపు నేర్చుకున్న ఆడపిల్లలమందరం ఆవిడని అలాగే పిలుస్తాం. "మీ సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల లేచిండు, చాయ్ తాగిండు, ప్రార్థన చేసుకుంటనని కుర్చీల కూసున్నడు. గట్లనే పోయిండు" అంది. ఏడవడం లేదు. నేను ఏదో అనేలోపే, "పనుంటె రాకు. ఫికర్ చెయ్యకు" అని పెట్టేసింది.

ఆ చివరి మాట ఎందుకన్నదో నాకు తెలుసు. మా ఆఫీసు పంజాగుట్టలో, వాళ్ళ ఇల్లు అమీర్‌పేటలో. పక్కపక్క స్టేషన్లు. అయినా ఏడాదిన్నరగా నేను ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలుగు మంచిమాటలు రాసి, దండం పెట్టి ముగిద్దామనే కూర్చున్నాను. చేతకాలేదు.

ఇరవై ఏళ్ళ కిందట కంప్యూటరు కోర్సు కోసం భీమవరం నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో దిగాను. హాస్టలు కింది అంతస్తులో మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూటు. వీధి పొడుగునా కంప్యూటరు కోర్సుల బ్యానర్లు, వాటి మధ్య ఆయనవి పన్నెండు మిషన్లు. పొద్దున ఆరింటికే టకటక మొదలయ్యేది. నిద్ర పాడవుతోందని ఒకరోజు పోట్లాటకి దిగాను. ఆయన నా మాటంతా ఓపిగ్గా విని, "లేచినవ్ కద, కూసో. నీ కోర్సుకు సుత చేతులు ఆడాలె గద బిడ్డా" అని ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. పోట్లాటకి వెళ్ళినదాన్ని గంటసేపు ఎ, ఎస్, డి, ఎఫ్ కొట్టి వచ్చాను.

ఆయన మా వెనక నిలబడి కళ్ళు మూసుకుని వినేవారు. ఏ మూల మిషను మీద ఎవరు తడబడ్డారో చప్పుడును బట్టే చెప్పేవారు. పేజీ అయిపోగానే కాగితం లాగి, ట్రేలో బోర్లించాలి. అది ఆయన పెట్టిన పద్ధతి. వయసులో ఉండగా ఏదో ఆఫీసులో టైపిస్టుగా చేశారట. అక్కడ కాగితం ట్రేలో పడిందంటే టైపిస్టు పని అయిపోయినట్టే. సంతకానికి తీసుకెళ్ళడం, పోస్టు చెయ్యడం అటెండరు చూసుకుంటాడు. "కాయితం తీసినవంటె నీ పని అయిపోయింది. మళ్ళ దాని మొకం చూడకు" అనేవారు.

నాకు మొదట్నుంచీ తొందర. "గింత ఉరుకుడెందుకు బిడ్డా, నిన్నెవలన్న తరుముతున్నరా?" అని నవ్వేవారు. అంత అన్న మనిషి ఆరు నెలలు గడిచాక నా పేజీలు దిద్దడం మానేశారు. "ఈ పిల్ల చేసినంక మల్ల చూసేది లేదు" అని అందరి ముందూ అన్నారు. ఆ రోజు హాస్టలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఉద్యోగం వచ్చి హాస్టలు వదిలినా రాకపోకలు వదల్లేదు. ఇన్‌స్టిట్యూటుకి పిల్లలు తగ్గిపోయారు. ఒకసారి, "ఇంకెవరు నేర్చుకుంటారండీ టైపు? మిషన్లు అమ్మేసి హాయిగా ఉండండి మాస్టారూ" అనేశాను. నా నోరు అంతే. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నెలలోనే మూసేశారు.

తర్వాత కళ్ళు. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు డాక్టర్లు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్నైనా కాపాడుకోమని చుక్కల మందు రాసిచ్చారు. చెవులు అంతకుముందే మందగించాయి. నలభై ఏళ్ళు ఆ టకటక మధ్య ఉన్నారు మరి. ఫోనులో ఒక మాటకి ఇంకో మాట వినబడి, చివరికి ఫోను అమ్మ చేతిలో పెట్టేసేవారు. అందుకని శిష్యులం కొందరం కలిసి ఒక కంప్యూటరు తెచ్చి, ఆయనకి అలవాటైన తెలుగు టైపు కీబోర్డు అమర్చి, మెయిలు పెట్టించాం. ఇక చూడాలి ఆయన సంబరం! రోజుకి ఒకరికి ఉత్తరం. మాట్లాడితే ఆయన పెరిగిన బోరబండ గల్లీ తెలుగు, రాస్తే పాత అచ్చు పుస్తకం. ఎవరి పిల్లకి జ్వరం వచ్చింది, ఎవరు ఉద్యోగం మారారు, అన్నీ గుర్తుపెట్టుకుని అడిగేవారు. మనుషులతో మాట్లాడటానికి ఆయనకి మిగిలిన దారి అదొక్కటే. ఆ దారిని నా చేతులతో నేనే మూసేశాను.

తెర మీద అక్షరాలు కంటికి ఆనడం లేదని మాస్టారు రాస్తే, ఒక ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకి వెళ్ళాను. ఆఫీసులో నా పనే అది. ఎవరి మెయిలు మొరాయించినా నన్నే పిలుస్తారు. ఇదెంతసేపులే అనుకున్నాను. మాస్టారు ముక్కు తెరకి ఆనించి కూర్చుని ఉన్నారు. వచ్చిన ఉత్తరం ఒకటి తెరిచి, అక్షరాలు కొంచెం పెంచాను.

"ఇప్పుడెలా ఉందండీ?" అని చెవి దగ్గర అరిచాను.

"మసక మసకగున్నది. ఇంక జర."

పెంచాను.

"ఇంక జర బిడ్డా."

పెంచుతూ పోయాను. చివరికి వరసకి మూడు నాలుగు మాటలే పట్టాయి. అప్పుడు ఆయన తల వెనక్కి తీసుకుని, కుర్చీలో జారబడి, వేలు గాల్లో ఆడిస్తూ ఆ ఉత్తరమంతా పైకి చదివారు. "గిప్పుడు కనబడుతున్నది! మస్తు కనబడుతున్నది!" అని వంటింట్లోకి కేకేశారు. అమ్మ చాయ్ పెడతానంది. వద్దన్నాను. ఎక్కడికో వెళ్ళే తొందర. ఎక్కడికో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. "ఒక ఉత్తరం రాసి చూడాల్నా బిడ్డా?" అని మాస్టారు అడిగారు. "రాసేదేముందండీ, అది మీ విద్యే కదా" అని లేచి వచ్చేశాను. ఆయన చదవడం చూశాను. రాయడం చూడలేదు.

అప్పట్నుంచి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కళ్ళెలా ఉన్నాయని రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ అదే అడిగాను. క్రిస్మస్ శుభాకాంక్షలు రాశాను. దానికీ లేదు. మనసు ఊరుకోదు, ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. మిషన్లు అమ్మేయమన్న మాట ఆయనకి గుచ్చుకుందని, అప్పుడు నవ్వినా లోపల పెట్టుకున్నారని తేల్చేసుకున్నాను. వెళ్ళి అడగొచ్చు. కానీ నాకూ పౌరుషం ఉంది కదా! ఒకసారి తోటి శిష్యుడు ఎదురుపడి, "నాకు సుత రాస్తలేడక్కా. సారుకు మనమేం యాదికుంటం" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకి నాకు కాస్త హాయిగా అనిపించింది. పలకనిది నా ఒక్కదానితోనే కాదన్నమాట. ఇలా ఒకరి వెనక ఒకరం రాయడం మానేశాం.

శుక్రవారం పొద్దున భూస్థాపనకి వచ్చిన శిష్యులం నలుగురం. అమ్మ మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. సమాధుల తోట నుంచి ఇంటికొచ్చాక మిగతావాళ్ళు వెళ్ళిపోతుంటే నన్ను ఆపింది.

"బుధవారం సారును యాదిచేసుకునే ఆదరణ కూడిక పెడుతున్నం. సారు కంప్యూటర్ల అందరి అడ్రసులుంటయి. జర కబురు పంపు. వస్తె వస్తరు, లేకుంటె లేదు." మళ్ళీ తనే అంది: "రోజు కూసోని రాసిండు బిడ్డా. ఏడాదిన్నర రాసిండు. ఒక్కలు సుత జవాబియ్యలే. గంత బరువైండా మీకు?"

ఆయనే రాయలేదమ్మా అనబోయాను. "రోజూ రాశారా?" అన్నాను.

"రాయకుంట ఎట్లుంటడు? నేను ఫోన్ చేసి అడుగుతనంటె వద్దన్నడు. అడిగి రాయించుకుంటరా అన్నడు."

కంప్యూటరు తెరిచాను. ఆ రోజు నేను పెంచిన అక్షరాలు అలాగే ఉన్నాయి. పంపిన ఉత్తరాల చోట చూస్తే, చివరిది నేను వచ్చిన ఆదివారానికి ముందురోజుది. చిత్తు ఉత్తరాలు దాచే చోటు తెరిచాను. అన్నీ అక్కడే ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, పేజీల తరబడి.

కంప్యూటరు తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. మెయిల్లో అక్షరాలను మాత్రమే పెంచే మార్గం ఒకటుంది. గీతలు, బటన్లతో సహా మొత్తాన్ని పెద్దది చేసే మార్గం ఇంకొకటుంది. రెండోది సులువు, రెండు మీటలు కలిపి నొక్కితే చాలు. తొందరలో నేను అదే చేశాను. చదివేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కొత్త ఉత్తరం రాసేటప్పుడు మాత్రం, అడుగున ఉండాల్సిన 'పంపు' బటను తెర దాటి కిందికి పోయింది. మాస్టారు ఉత్తరం కొట్టి, పై మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కేవారు. ఉత్తరం తెర మీంచి మాయమయ్యేది. ప్రోగ్రాము దాన్ని చప్పుడు చెయ్యకుండా చిత్తులో దాచేది. ఆయన లెక్కలో కాగితం ట్రేలో పడింది. ఇక దాని మొహం చూసే అలవాటు ఆయనకి లేదు.

తండ్రి పోయిన ఒక శిష్యుడికి రాసిన ఓదార్పు అందులో ఉంది. ఎవరి కూతురికో పరీక్ష ముందు రాసిన ఆశీస్సులు ఉన్నాయి. ఆ పరీక్షా అయిపోయింది, ఫలితాలూ వచ్చేశాయి. నాకు రాసినవి చాలా ఉన్నాయి. మొట్టమొదటిది ఇది: "ప్రభువు నామమున శుభములు. నీవు అమర్చి వెళ్ళిన అక్షరములు మిక్కిలి స్పష్టముగా ఉన్నవి. ఇక నాకు ఒకరి సాయము అక్కరలేదు. నీ మేలు మరువను." కొన్నాళ్ళ తర్వాతది: "కళ్ళను గూర్చి నీవు అడిగినదానికి వెంటనే వ్రాసితిని. మరల అదే అడుగుచున్నావు. పని ఒత్తిడిలో నా ఉత్తరము చదువలేదనుకొందును." ఇంకా కిందికి వెళ్తే: "నా వలన నీ మనసు నొచ్చినదా? మిషనులు అమ్మివేయుమని నీవు చెప్పినది మంచి మాటయే. ఆ విషయమై నేనేమియు అనుకొనలేదు."

ఆయన నామీద కోపంగా ఉన్నారని నేను అక్కడ అనుకుంటుంటే, నేను ఆయన మీద కోపంగా ఉన్నానని ఆయన ఇక్కడ బాధపడుతున్నారు. మెట్రోలో రెండు నిమిషాల దూరం.

అమ్మకి చెప్పకుండా కంప్యూటరు మూసేసి వెళ్ళిపోవచ్చు అన్న ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ అలా వెళ్ళిపోతే, భర్తని అందరూ వదిలేశారనే బాధతోనే ఆవిడ బతకాలి.

"అమ్మా, ఎవరూ జవాబివ్వకపోవడం కాదు. ఈ ఉత్తరాలు అసలు ఎవరికీ పోలేదు. తప్పు నాది" అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ నన్ను తిడితే బావుండుననిపించింది. తిట్టలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"మొదట్ల బటను కనబడ్తలేదన్నడు" అంది. "నిన్ను పిలుస్తనన్న. 'ఆ పిల్ల చేసినంక మల్ల చూసేది లేదు, పంపుడు పద్ధతే మారిందేమో' అన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఆగమనలేదు. నా ఏడుపు అయ్యాక అడిగింది: "గవన్ని ఇప్పుడు పోతయా?"

"పోతాయమ్మా."

"అయితె పంపు. ఆయన రాసినయి ఆయన రాసినట్టే పోవాలె. నీ మాట ఒక్కటి సుత కలపకు."

అక్షరాలు ఒక్కటే పెంచే మార్గం వెతికాను. రెండు నిమిషాల్లో దొరికింది. మొత్తాన్ని మామూలుకి తెచ్చి, అక్షరాలు మాత్రం ఆయనకి కావలసినంత పెద్దవి చేశాను. 'పంపు' బటను పైకి వచ్చింది. ఇంక చదివేవాళ్ళు లేరని తెలిసి కూడా ఆ పని ఎందుకు చేశానో చెప్పలేను. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి అక్షరాలు పెంచి ఇస్తే మాత్రం, చదివించి లేచి రాకండి. వాళ్ళ చేత ఒక ఉత్తరం రాయించి, అది మీకు చేరేదాకా అక్కడే కూర్చోండి. నేను నేర్చుకున్నది ఇదొక్కటే, అదీ ఆలస్యంగా.

ఒక్కొక్క ఉత్తరం తెరిచి పంపుతూ పోయాను. ముందు మాస్టారు పోయారన్న కబురు రాసి, తర్వాత ఇవి పంపాలన్న ఇంగితం నాకు తట్టలేదు. మళ్ళీ అదే తొందర. ఆ శుక్రవారం మధ్యాహ్నం మాస్టారి ఉత్తరం అందుకున్నవాళ్ళు మీలో ఉంటే, నన్ను మన్నించండి.

ఆఖరిది పంపి, కబురు రాయడానికి కొత్త ఉత్తరం తెరవబోయాను. ఈలోపే మొదటి జవాబు వచ్చి పడింది. కూకట్‌పల్లిలో ఉండే శిష్యుడు, తండ్రి పోయినతను రాశాడు. అతనికి ఇంకా ఏమీ తెలియదు. నా వేలు అలవాటు కొద్దీ దాన్ని తెరిచేసింది. మూసేద్దామని చెయ్యి కదిపేలోపే, అటు గోడ దగ్గర కూర్చున్న అమ్మ, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, అంత దూరం నుంచే ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"సారూ... ఇన్నొద్దులకు... యాదికొచ్చిన్నా... రేపే... వస్తున్న... ఇంట్లనే... ఉంటరు... కదా."