మస్తాను తాత అద్దనన్న మొహం

మొన్న పెడనలో ఓ అద్దకం షెడ్డు పక్కనుంచి ఆటోలో వెళ్తుంటే కరక్కాయ నీళ్ళూ గేదెపాలూ కలిసిన పచ్చి వాసన గుప్పుమంది. డ్రైవరు ముక్కు మూసుకున్నాడు. నేనేమో ఆటో ఆపించి మరీ గుండెనిండా పీల్చుకున్నాను. నా చిన్నతనమంతా ఆ కంపులోనే గడిచింది మరి.

బందరులో మా పెరడుకీ మస్తాను తాత పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆయన కలంకారీ గుడ్డలు అద్దేవాడు. చలికాలం రాగానే వాళ్ళ పెరడంతా తాళ్ళమీద గుడ్డలు ఆరుతుంటే, వాటి చాటున మేం దాగుడుమూతలాడుతుంటే, బెల్లంనీళ్ళలో ఇనుపముక్కలు పులిసే నల్లరంగు కుండ ఎక్కడ తన్నేస్తామోనని ఆయన అరుస్తూనే ఉండేవాడు. రంజానుకి ఖర్జూరం ముక్కలు తేలే సేమ్యా పాయసం గోడ దాటి మా ఇంటికొచ్చేది. క్రిస్మస్‌కి మా నాయనమ్మ వేయించిన గులాబీపువ్వులూ కజ్జికాయలూ అటు వెళ్ళేవి.

నాయనమ్మ ఆదివారం చర్చి మానని మనిషి, ఆయన ఐదుపూటలా నమాజు చేసే మనిషి. పొద్దువాలితే చాలు, గోడకి ఇటొకరూ అటొకరూ చేరేవారు. "మా దొరలొచ్చాకే కదన్నయ్యా ఈ ఊరికి బడీ ఆస్పత్రీ వచ్చాయి" అని ఈవిడ ఎత్తుకునేది. "మా తాతలు పారశీకానికి పంపే గుడ్డల్ని చూసి కన్నుకుట్టి వచ్చారు చెల్లెమ్మా, నీకు చదువు చెబుదామని కాదు" అని ఆయన. యేసు దేవుడి కుమారుడని ఈవిడ, కాదు ప్రవక్త అని ఆయన. మరియమ్మ పేరొస్తే మాత్రం ఇద్దరూ కాస్త మెత్తబడి, అంతలోనే మళ్ళీ అందుకునేవారు. పిల్లలం, మాకైతే రోజూ తిరనాళ్ళే.

ఓ ఏడు వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్ళు కాలిపోతున్న నన్ను సైకిలుమీద ఆస్పత్రికి తీసుకెళ్ళింది మస్తాను తాతే. నేను లేచి తిరిగితే క్రిస్మస్ రోజున బలిపీఠం మీద ఆయన చేత్తో అద్దిన కొత్త గుడ్డ పరుస్తానని నాయనమ్మ మొక్కుకుంది. నేను లేచాను. పాస్టరుగారు సంతోషించి, గుడ్డ నడుమ యేసుప్రభువు బొమ్మ ఉండాలన్నారు. ఆ మాటే నాయనమ్మ గోడ దగ్గర చెప్పింది.

"అది మాత్రం నావల్ల కాదు చెల్లెమ్మా. ఈసా నబీ మొహం నేను అద్దను."

"ఏం, మా దేవుడు నీకు అంత చేదా?"

"చేదైతే అద్దేసి డబ్బులు పుచ్చుకునేవాణ్ణి. మాకూ పెద్దాయన కాబట్టే వద్దంటున్నా. ప్రవక్తల మొహాలు మేం వెయ్యం."

నాయనమ్మ విసురుగా లోపలికొచ్చి తలుపేసుకుంది. ఆ తర్వాత సాయంత్రాలు పెరడు మూగబోయింది. పెడనలో అద్దేవాళ్ళు లేకపోలేదు, కానీ ఆయన చేతి గుడ్డే కావాలని ఈవిడ పట్టు, బొమ్మ వెయ్యనని ఆయన పట్టు. క్రిస్మస్ దగ్గరపడుతోంది. మొక్కు తప్పితే జ్వరం తిరగబెడుతుందని నా ప్రాణం గిలగిలలాడిపోయేది.

చివరికి ఆయనే ఓ టేకు అచ్చు పట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు. వాళ్ళ నాన్న నమాజు గుడ్డలకి అంచుగా వేసిన ద్రాక్షతీగ.

"ఇదైతే నిండుగా అద్ది ఇస్తా."

నాయనమ్మ అచ్చుని తిప్పితిప్పి చూసింది. "ద్రాక్షతీగ మా బైబిల్లోది కదన్నయ్యా!"

"భలేదానివే, మా స్వర్గం నిండా ద్రాక్షతోటలే!"

అమ్మయ్య, దెబ్బలాట మొదలైంది, ఇక నేను బతికినట్టే అనుకున్నాను.

పండగనాడు గుడ్డ విప్పగానే పాస్టరుగారి మొహం ముడుచుకుంది. "బొమ్మేదమ్మా?"

"బొమ్మలకి మొక్కొద్దని వారం వారం చెప్పేది తమరే కదండీ! నేను విన్నాను. తమరు వినలేదా?"

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. పాపం ఆయనా నవ్వేసి, గుడ్డ తనే పరిచారు. ఆరాధన అయ్యాక, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డ మస్తాను తాత లోపలికొచ్చి, "వంకరగా పరిచారండీ" అంటూ అంచు సర్దాడు.

"బొమ్మలొద్దన్న మాట నీకెవరు నేర్పారు చెల్లెమ్మా?" అని ఆ సాయంత్రం మీసం చాటున నవ్వుతూ అడిగాడు.

"పది ఆజ్ఞలు తెచ్చిన మోషే" అంది నాయనమ్మ, తొణక్కుండా.

"మీ మోషేనే మా మూసా, మాకూ నబీయే!"

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పెరడు ఇప్పుడు అపార్ట్‌మెంటు, అందులోనే ఓ ఫ్లాటులో నేనుంటున్నాను. మా వీధిలో మతం గురించి ఎవరూ ఎవరితోనూ దెబ్బలాడరు. పండగలకి ఫోనులో పువ్వుల బొమ్మలు వస్తాయి, మనమూ ఓ బొమ్మ పంపేస్తాం, అంతే. వాళ్ళింట్లో ఏమీ తినొద్దని ఈ ఇంటివాళ్ళూ ఆ ఇంటివాళ్ళూ పిల్లలకి చాటుగా చెప్పడం నా చెవులారా విన్నాను. ఒళ్ళు మండిపోయింది.

మా ఎదురు ఫ్లాటులోకి కొత్తగా ఓ సాయిబుల అమ్మాయి కాపరానికొచ్చింది. కనిపిస్తే నవ్వుతుంది, తలుపేసుకుంటుంది. రేపు రంజాను. నాకు పిలుపు రాలేదు. రాకపోతే మానె, నేనే వెళ్తాను. కుర్చీ లాక్కుని కూర్చుని, "యేసు దేవుడి కొడుకు కాదంటారుటగా, ఎందుకో చెప్పమ్మా" అని అడుగుతాను. ఆ పిల్ల నాతో దెబ్బలాడేదాకా లేవను.