టెస్టు చేయని మోటారు

పొద్దున క్లాసులో పాఠం చెప్పాను: సముద్రం తెలిసినవాడికే ఓడ అప్పగించాలి, రాజ్యమూ అంతే అన్నాడు ఒక ప్రాచీన గ్రీకు తత్వవేత్త.

సాయంత్రం తుడియలూరులో మా మామ నీళ్ళ మోటార్ల వర్క్‌షాపుకు వెళ్ళాను. రాజకీయాల్లో ఓనమాలు తెలియని కొత్త అభ్యర్థికే ఈసారి ఆయన ఓటట. తొట్టి నీళ్ళలో తిప్పి చూడందే ఒక్క మోటారునూ గడప దాటనివ్వని మనిషి!

"టెస్టు చేయకనే పంపిస్తావా మామా?" అని అడిగాను.

"టెస్టు చేసిందంతా కాలిపోయె కదా కన్నూ. ఇంగ ఏమి చేసేది?" అన్నాడు.

కాలిన మోటారును ఆయన పారేయడని, విప్పి కొత్త రాగి తీగతో మళ్ళీ వైండింగు చుడతాడని బస్సెక్కాక గుర్తొచ్చింది. ప్రభుత్వానికి వైండింగు చుట్టేవాళ్ళు ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండి. నాకూ ఓటుంది.