దొరగారి చక్రాలు, మా మేనత్త బండి

మొన్న గోదావరి మీది రైలు వంతెన దగ్గర ఒక ఫిట్టరు, ట్రాలీ ఎడమ చక్రానికున్న, ఎంత తిప్పినా కదలని నట్టును నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. గొడుగు ముడిచి కాసేపు చూశాను. “అటు కాదు నాయనా, ఇటు తిప్పి చూడు” అన్నాను. ఊడింది! “తాతగారూ, తమరు ఏ కంపెనీలో పనిచేశారండి?” అని నోరు వెళ్ళబెట్టాడు. చేపల కంపెనీలో అన్నాను. అబద్ధం కాదు. ఆ విద్య నాకు నేర్పింది తట్టలో చేపలు అమ్ముకున్న మా మేనత్త.

అప్పటికి వంతెన లేదు. మా రేవులో తట్ట నెత్తికెత్తుకుంటే, చేప కన్ను మసకబారేలోగా రాజమహేంద్రవరం చేరే మనిషి ఆవిడ. ఆవిడ కేక వినగానే వీధిలో ఆడవాళ్ళు చట్టి కడిగి సిద్ధంగా ఉండేవారట. ఆవిడే చెప్పింది కాబట్టి కాస్త తగ్గించుకుని నమ్మండి. ఒక ఏడు ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. “ఇంక చాలే అక్కా, నాలుగు మెతుకులు మేం పెట్టలేమా?” అన్నాడు మా నాన్న, ప్రేమగానే. ఆవిడ ముఖం అంతగా వాడిపోవడం నేనెన్నడూ చూడలేదు. “నేను తెచ్చుకున్న కూడే నాకు అరుగుద్ది తమ్ముడూ” అంది. మర్నాడు నన్ను పిలిచి, “ఒరేయ్, ఏటి ఒడ్డున దొర బండి ఉంది కదా, దాని చక్రాలు ఊడదీసుకురా. తోపుడుబండి కట్టించుకుంటా” అంది.

కాలవలు తవ్వించిన దొర ఒకాయన తన దేశం పోతూ, గుర్రాల్ని అమ్ముకుని బగ్గీని అక్కడే వదిలేశాడు. లోపలి తోలు ఎలకల పాలైంది, ముందు చక్రాలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. వెనక చక్రాలు రెండూ మాత్రం చెక్కుచెదరలేదు. సన్నటి కర్ర ఆకులు, నడుమ ఇత్తడి మూతలు, అలాంటివి మా తాలూకా మొత్తం మీద లేవు. మునసబుగారిని అడిగితే “ఎలాగూ ఏరు మింగేదే, పట్టుకుపో” అన్నారు. ఆయనన్నదీ నిజమే, వరద ఎర్రనీళ్ళు అప్పటికే ఒడ్డెక్కుతున్నాయి, తెల్లారితే బండి ఉండదు.

మూత తీస్తే మన బండ్లకుండే చీల లేదు, ఇనుప మర ఉంది, అదే ఇప్పుడు నట్టంటున్నారు. కమ్మరి దగ్గర తెచ్చిన పట్టకారుతో కుడి చక్రం ఇట్టే వచ్చేసింది. నాకు ఇరవై ఏళ్ళు, కొత్త మీసం. ఈ మాత్రం దానికి దొర కావాలా అని మెలేశాను. ఎడమ చక్రం దగ్గర ఆ పొగరు దిగిపోయింది. అదే తీరున తిప్పినకొద్దీ ఇంకా బిగుసుకుంది. నీళ్ళు మోకాలిదాకా వచ్చాయి. “గొడ్డలితో ఆకులు కొట్టేసి చుట్టూ ఉన్న ఇనప కట్టయినా తీసుకుపోదాంరా” అన్నాడు సాయానికొచ్చిన నాన్న.

గట్టు మీద కూర్చుని వలతాడు పేనుకుంటున్న అత్త, “ఆగండెహె!” అంటూ కుంటుకుంటూ నీళ్ళలోకి దిగింది. “బండి నడుస్తుంటే మర ఊడకూడదు కదా? చక్రం తిరిగేవైపే బిగిసేలా పెట్టుంటాడు. అవతల నిలబడి చూస్తే ఒకవైపు, ఇవతల నిలబడి చూస్తే ఇంకోవైపు తిరుగుద్ది. అటు కాదురా, ఇటు తిప్పు! తాడు పేనేదాన్ని, పురి సంగతి నాకు తెలీదా?”

తిప్పాను. కిర్రుమని వచ్చేసింది. నా మీసం సంగతి ఇంక అడక్కండి.

ఆ చక్రాలతో కట్టించిన తోపుడుబండి చప్పుడు లేకుండా దొర్లుతుంటే వకీళ్ళు జట్కాలు ఆపి మరీ చూసేవారు. “ఏంటండీ బాబూ, చక్రం ఎప్పుడూ చూళ్ళేదా?” అని నవ్వేది అత్త. పోయేదాకా దాన్నే చేతికర్ర చేసుకుని తోసింది. ఎవరి మెతుకూ ముట్టలేదు, పైగా ముసలితనంలో మా నాన్నకి ఆవిడే పెట్టింది. ఆవిడ మేనల్లుణ్ణని చెప్పుకుంటే నాకు ఇవాళ్టికీ ఛాతీ ఉబ్బుతుంది. ఆ మర, చక్రం వెనక్కి దొర్లేవైపు తిప్పితేనే విడేది. ఈ వయసులో కాలం కూడా నాకంతే, ముందుకు పోయినకొద్దీ బిగుసుకుంటోంది, ఆవిడ వైపు వెనక్కి తిప్పితే చాలు, విడిపోతుంది.