దేవకమ్మ శిష్యురాలు

1978లో చిత్తూరులో ట్రంకు కాల్స్ కలిపే గదికి దేవకమ్మ సూపర్‌వైజరు. ఆమె నోరంటే ఆపరేటర్లందరికీ హడలు. తప్పు చేస్తే వాయించేసేది గానీ, సరిగ్గా ఎలా చేయాలో ఒక్క ముక్క నేర్పేది కాదు. మేమూ తక్కువవాళ్లమేమీ కాదు. ఏ కాల్ తెగినా "లైను పోయిందక్కా" అని చేతులు దులుపుకునేవాళ్లం.

నా పక్క బోర్డు మీద మునిలక్ష్మి ట్రైనింగులో ఉండేది. వాళ్లమ్మ నగరిలో మగ్గం నేసి చదివించింది. ఆ వారం దేవకమ్మ 'పనికొస్తుంది' అని రాస్తేనే ఉద్యోగం. లేకపోతే ఇంటికే.

ఒక మధ్యాహ్నం నర్సింగ్‌హోమ్ డాక్టరు వేలూరుకు అర్జెంటుగా లైను అడిగాడు. కాన్పయిన మనిషికి రక్తం కారడం ఆగలేదట, అక్కడి నుంచి రక్తం తెప్పించాలట. మునిలక్ష్మి కలిపింది. ఆయన ఏ గ్రూపో చెప్పేలోపే, పక్క కాల్ ముగిసిందని దాని ప్లగ్గు తీయబోయి ఈ ప్లగ్గు పీకేసింది.

"లైను పోయిందని చెప్పెయ్" అని గొణిగాను.

ఆ పిల్ల లేచి అరిచింది. "అక్కా, లైను బాగానే ఉండాది. నేనే పీకేసినా. వేలూరు ఆపరేటరు ఇంకా లైన్లోనే ఉండాది. మళ్లీ ఎట్ల కలిపేది?"

దేవకమ్మ పరుగున వచ్చి ప్లగ్గు గుచ్చి, వేలూరు ఆపరేటరును అరవంలో బతిమాలింది. డాక్టరు గొంతు మళ్లీ వినిపించింది. వేలూరు నుంచి కారులో రక్తం పంపిస్తున్నారని తేలేదాకా దేవకమ్మ అక్కడి నుంచి కదల్లేదు.

ఇంతలో ఆఫీసరు రుసరుసలాడుతూ వచ్చాడు. "డాక్టరు కాల్ తెంచిందెవరు?"

మునిలక్ష్మి నోరు తెరవబోయింది. దేవకమ్మ అడ్డం నిలబడింది. "నా దగ్గర నేర్చుకుంటా ఉండే పాప సార్. నేను సరిగ్గా నేర్పలేదు. మెమో నాకియ్యండి."

ఆయన కాసేపు గుడ్లురిమి వెళ్లిపోయాడు. మునిలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "మీ దగ్గర నేర్చుకుంటా ఉండానంటిరి, మీరు నాకేమీ నేర్పలేదు గదక్కా?"

"ఎవురికి నేర్పేది పాపా? ఇన్నేండ్లూ ఈడ తప్పులన్నీ లైనే చేసింది. లైనుకు నేర్పలేను గదా. జరుగు."

స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ఒక్కో ప్లగ్గు పట్టుకుని చూపించడం మొదలుపెట్టింది. నాకు కడుపు మండింది. ఎన్నేళ్ల సర్వీసు నాది! ఒక్కరోజైనా నా పక్కన అలా కూర్చోలేదు. మూతి ముడుచుకుని, చెవి మాత్రం అటే పడేసి, నేనూ నేర్చుకోసాగాను.