కంప్యూటర్‌కు పూల గలీబు

ఇంట్లకు కొత్తది ఏదొచ్చినా మా మేనత్త దానికి బట్టతోని గలీబు కుట్టి తొడిగేది. ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఆఖరికి రిమోట్‌కు గూడ. అమ్మ లేని నన్ను ఆమెనే పెంచింది. జర చల్లగాలి కొడితే చాలు, స్వెటర్ మీద స్వెటర్ తొడిగేది.

ఆబిడ్స్‌ల సామాన్లు కొని, నాంపల్లిల మా ఇంట్లనే నేను కంప్యూటర్ బిగించుకున్న. దుమ్ము పడ్తదని మరునాడే దానికీ పూలబట్ట గలీబు పడ్డది. బల్ల కిందుండే డబ్బాకే గదా, నేను పట్టించుకోలే.

ఆట మొదలుపెట్టిన కొద్దిసేపటికే తెర నల్లగయ్యేది. ర్యామ్ మార్చిన, విండోస్ మళ్ల ఎక్కించిన. గలీబు తీసి దుకాణానికి మోసుకపోతే, ఆడ మంచిగనే నడిచింది.

ఆన్‌లైన్ల జట్టు పోటీ ఉన్న రోజు సగం ఆటల తెర మళ్ల నల్లగైంది. కోపంతోని బల్ల గుద్దిన. అత్త ఉరికొచ్చి, జ్వరం చూసినట్టు గలీబు మీద చెయ్యి పెట్టింది.

"ఏంది బిడ్డా, గింత కాలుతుంది?"

గాలి పోయే జాలీలన్నీ బట్ట కింద మూసుకపోయినయి. అత్తనే గుంజి తీసేసింది. జరసేపటికి ఆట మళ్ల నడిచింది. హెడ్‌ఫోన్‌ల మా జట్టోళ్లు, "ఏడున్నవ్ రా, జల్ది రా!" అని ఒర్లుతున్నరు.

గలీబు చేతుల నలుపుకుంట అత్త మెల్లగ అడిగింది: "నిన్ను గూడ గిట్లనే పెంచిన్నా బిడ్డా, ఊపిరాడకుండ?"

నేను హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టిన.