నాలుగో గది హాజరు

రిటైరైనవాళ్ళు ఉండే ఆ రెండంతస్తుల వసతి గృహంలో ఆయన్ని అందరూ హాజరు మాస్టారు అనేవారు. నోటికి అదుపు లేనివాళ్ళు యముడి గుమాస్తా అనేవారు. పద్నాలుగేళ్ళు సైన్యంలో వైర్‌లెస్ పని, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బళ్ళో లెక్కల పాఠాలు. రెండుచోట్లా పొద్దున్నే చేసే మొదటి పని మనుషుల్ని లెక్కపెట్టడమే.

ఆయన అక్కడ చేరిన రెండో నెలలో పై అంతస్తులో ఒక ముసలి దర్జీ గదిలోనే పోయాడు. రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. తలుపు ముందు పేరుకున్న పాల ప్యాకెట్లు చూసి తాళం పగలగొట్టారు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"యుద్ధంలో కూడా ఒక మనిషి తగ్గితే సాయంత్రానికి తెలిసేది. ఇంతమందిమి ఉండి ఏం లాభమయ్యా?" అని మేనేజరు మీద ఎగిరారు.

మర్నాటి నుంచి రిజిస్టరు మొదలు. రోజూ ఆరున్నరకి చేతికర్రతో తలుపు మీద రెండు దెబ్బలు, చేసిన ఉద్యోగం పేరు పెట్టి ఒక పిలుపు. లోపల్నించి "ఉన్నా" అని వినబడితే టిక్కు, వినబడకపోతే తలుపు తెరిపించాల్సిందే. షుగరు పడిపోయిన నర్సమ్మ అలాగే బతికి బయటపడింది. తిట్టుకుంటూనే అందరూ పలికేవారు. పదకొండేళ్ళు ఒక్క పూట తప్పలేదు.

ఇక నాలుగో గది. అందులో బస్సు డ్రైవరు, పోస్ట్‌మాన్ ఉండేవారు. సర్వీసంతా తెల్లారకముందే లేచిన పోస్ట్‌మాన్ ఇప్పుడు ఆ కసి తీరా పడుకునేవాడు. అందుకని డ్రైవరే గొంతు మార్చి రెండో "ఉన్నా" కూడా పలికేసేవాడు. దొంగ హాజరు పలికే పిల్లల్ని ఇరవై రెండేళ్ళు పట్టుకున్న మాస్టారికి ఇది తెలియదా? తెలుసు. పోనీలే పాపం, పడుకోనీ అనుకుని టిక్కు పెట్టేసేవారు. కాస్త ముచ్చట కూడా పడేవారు.

ఆ బుధవారం కూడా రెండు "ఉన్నా"లు వినబడ్డాయి, రెండు టిక్కులు పడ్డాయి. డ్రైవరుకి చూపు మందం. పక్క మంచం మీద ముద్దగా ఉన్న దుప్పటిని మనిషే అనుకుని, హాజరు పలికేసి, కింద టిఫినుకి వెళ్ళిపోయాడు. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చి బాత్‌రూము తలుపు తోస్తే అడ్డంగా పోస్ట్‌మాన్. తెల్లారకముందే పక్షవాతం కొట్టి నోరు పడిపోయిందని, ప్రాణం పోయి గంట కూడా అయ్యుండదని డాక్టరు చెప్పాడు.

డ్రైవరు నోట జరిగింది విని, మేనేజరు మాస్టారిని పక్కకి లాగాడు. "ఆరున్నరకి బాగానే ఉన్నారని మీ రిజిస్టరే చెబుతోంది. వాళ్ళమ్మాయికి అదే చూపిద్దాం. మీరు నోరు మెదపకండి."

డ్రైవరు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. "చెప్పకండి మాస్టారూ. ఆ పిల్ల నన్ను బాబాయ్ అంటుంది."

మధ్యాహ్నానికి కూతురు వచ్చింది. రిజిస్టరులో తండ్రి వరసలోని ఆఖరి టిక్కు మీద వేలు ఉంచి, అక్కడే ఆగిపోయింది.

"పొద్దున పలికారటగా మాస్టారూ. గొంతు ఎలా ఉంది? నిన్న ఫోన్ చేస్తానని చెప్పి చెయ్యలేదు నేను."

బాగుందమ్మా అంటే చాలు. ఆ పిల్లకీ, డ్రైవరుకీ, తనకీ ఆ రాత్రి కాస్త నిద్ర పట్టేది. మాస్టారికి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"పలకలేదమ్మా. నాకు వినబడింది మీ నాన్న గొంతు కాదు. కాదని తెలిసే టిక్కు పెట్టాను."

గోడ పక్కన డ్రైవరు తువ్వాలులో మొహం దాచుకున్నాడు. ఆమె అటు చూడలేదు.

"మీరు పిలిచారా?"

"పిలిచాను. పోస్ట్‌మాన్ గారూ అని."

"గట్టిగానే?"

"రోజూలాగే. గట్టిగానే."

ఆమె రిజిస్టరు మూసి ఆయన చేతికిచ్చింది. "అప్పటికి ప్రాణం ఉందన్నారుగా డాక్టరు. అయితే నాన్నకి వినబడే ఉంటుంది. మీరు పిలవడమూ, టిక్కు పెట్టుకుని పక్క గదికి వెళ్ళిపోవడమూ."

అవునన్నట్టు మాస్టారు తల ఊపారు.