ఇంటికి ఎరుకైందా?

కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం మీద, రెండో అంతస్తులో మా వార్తల ఛానల్ ఉంది. పదకొండేళ్లుగా అక్కడ ఊడ్చేది, చాయ్ పెట్టేది నేనే. మూడో తరగతి దాటలేదు గానీ తెర కింద పాకిపోయే అక్షరాలు చూసి చూసి, ఇప్పుడు డిగ్రీలు చదివినవాళ్ల తప్పులు నేను పడతాను. ఆ అక్షరాలు కొట్టేది నాగయ్య.

నాగయ్యది హుస్నాబాద్ దగ్గర పల్లె. మొదట గోడల మీద పేర్లు రాసేవాడు, తర్వాత కేబుల్ వైర్లు లాగాడు, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మెత్తని మనిషి. పెళ్లామంటే భయం, యజమానంటే భయం, ఎదురుగా పిల్లి వస్తే దానికీ తోవ ఇస్తాడు. ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ లొంగడు. చావు వార్త వస్తే ముందుగా ‘ఇంటికి ఎరుకైందా?’ అని అడుగుతాడు. చచ్చినవాని ఇంటివాళ్లు మనిషి నోటి నుంచి విన్నాకే పేరు తెర మీదికి రావాలి. అప్పటిదాకా ఆయన వేళ్లు కదలవు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఓసారి బస్సు ప్రమాదంలో పోయినవాని పేరు తొందరపడి వేశాడు. ఆ మనిషి భార్య వంకాయలు కోస్తూ టీవీలో చదివింది. మర్నాడు మా ఆఫీసు వాకిట్లోకి వచ్చి గంటసేపు నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు, నేనిచ్చిన నీళ్లు ముట్టలేదు. పాకే అక్షరాలనే చూసి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాగయ్య కుర్చీ వాకిలి దిక్కు తిప్పుకొనే కూర్చుంటాడు.

మొన్న శ్రావణంలో స్నిగ్ధ అనే డిగ్రీ పిల్ల వచ్చింది. ఊళ్లో పేరున్న వంశీధర్‌రావు దొర మనుమరాలట. వార్తలు ఎట్లా తయారవుతాయో ఒక రోజంతా పక్కన కూర్చొని చూసి రాసుకురమ్మని కాలేజీవాళ్లు పంపారు. వస్తూనే నన్ను ‘ఆయమ్మా, చాయ్’ అంది. నాకు పేరుందని, లస్మవ్వ అంటారని చెప్పి నా పని నేను చేసుకున్నాను. పిల్ల తెలివైనదే. రెండోసారి పేరు పెట్టి అడిగింది, చాయ్ దొరికింది.

పదిన్నరకు మంచిర్యాల విలేకరి మల్లేష్ ఫోన్ చేశాడు. అంతయ్య అనే రైతు గోదావరిలో స్నానానికి దిగి మునిగిపోయాడట. శవాన్ని ఒడ్డుకు తెచ్చారు, తమ్ముడు గుర్తుపట్టాడు. నాగయ్య తన ప్రశ్న అడిగాడు. తమ్ముడు ఇంటికి పోయే ధైర్యం చాలక ఇసుకలో కూలబడ్డాడని చెప్పి, మల్లేష్ ఆ ఇంటి నంబరు ఇచ్చాడు.

నాగయ్య ఫోన్‌లో చావు మాట ఎత్తడు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారో కనుక్కొని, పక్కింటివాళ్లతో చెప్పిస్తాడు. పిల్ల కూడా వినాలని స్పీకర్ పెట్టాడు. అంతయ్య భార్య మంజుల ఎత్తింది. అంతయ్యన్న ఇంట్లో ఉన్నాడా అని, మాట కలపడానికి అడిగాడు.

“గిప్పుడే వచ్చిండన్నా. వాకిట్ల కాళ్లు కడుక్కుంటుండు. కొత్త అంగి, నీలిగళ్లది, తడిసి నీళ్లు కారుతున్నయి. ఏమైందంటే పలుకుతలేడు. జర ఆగున్రి, పిలుస్త.”

నీళ్ల గోలెంలో చెంబు ముంచిన చప్పుడు మా ముగ్గురికీ వినపడింది. నీళ్లు బండ మీద పడ్డాయి. మళ్లీ ముంచారు, మళ్లీ పడ్డాయి. తర్వాత మాట్లాడతానని నాగయ్య పెట్టేశాడు.

స్నిగ్ధ నవ్వింది. విలేకరి పొరబడ్డాడని పుస్తకంలో రాసుకుంది. నాగయ్యకూ ప్రాణం లేచివచ్చింది. మల్లేష్‌కు ఫోన్ చేసి, బతికున్నవానికి పాడె కడుతున్నావా అని నాలుగు తగిలించాడు. మల్లేష్ ఫోటో పంపాడు.

ఇసుక మీద పడుకోబెట్టిన మనిషి. నీలిగళ్ల అంగి. ఒళ్లంతా బురద, జుట్టులో నాచు. పాదాలు మాత్రం అప్పుడే కడిగినట్టు తెల్లగా ఉన్నాయి.

పిల్ల పెన్నుకు మూత పెట్టింది. అంతలో యజమాని ఫోన్. పక్క ఛానల్‌లో పేరు తప్ప అంతా వచ్చేసిందని, పన్నెండు గంటల వార్తల్లో మనమే ముందు పేరు వేయాలని అరిచాడు. ఇంటికి ఎరుక కాలేదని నాగయ్య చెప్పాడు, తిట్లు తిన్నాడు, పెట్టేశాడు. తర్వాత ఫోన్ పిల్ల ముందుకు జరిపాడు.

“నువ్వు చెయ్యి బిడ్డా. నాకు చేతులు ఆడుతలేవు.”

స్నిగ్ధ నా దిక్కు చూసింది. చేయమన్నాను. ఈసారి నీళ్ల చప్పుడు లేదు. మంజుల గొంతు బాగా కిందికి దిగింది.

“కంచంల అన్నం పెట్టి పిలిచిన. రాలే. తడి అడుగులు గడప దాకనే ఉన్నయక్కా. లోపలికి ఒక్కటి లేదు. ఏ రేవు కాడ ఉన్నడు?”

పిల్ల నాగయ్యను చూసింది. ఇన్నేళ్లలో ఫోన్ మీద ఆ మాట చెప్పనివాడు, చెప్పమని తల ఊపాడు. పిల్ల రేవు పేరు చెప్పింది. అవతల తలుపుకు గొళ్లెం పెట్టిన చప్పుడైంది, ఫోన్ కట్టయింది.

“ఇంటికి ఎరుకైందా?” నాగయ్య అడిగాడు.

“ఎరుకైంది. ఆయనే వచ్చి చెప్పి పోయిండు,” అంది స్నిగ్ధ.

పన్నెండుకు అంతయ్య పేరు తెర కింద పాకింది. నాగయ్య కొట్టి, కుర్చీని మొదటిసారి గోడ దిక్కు తిప్పుకున్నాడు. స్నిగ్ధ చాయ్ గ్లాసు తనే కడిగి బోర్లించింది, కాలేజీకి రాసివ్వాల్సిన కాగితం ఖాళీగానే తీసుకొని పోయింది.

నేను దయ్యాలను నమ్మే రకం కాదు. అయినా మా ఇంట్లో ఇప్పుడు ఒక నియమం ఉంది, నేనే పెట్టాను. సాయంత్రం నేను కాళ్లు కడుక్కొని, గడప దాటి, నా నోటితో ‘వచ్చిన’ అన్నాకే కోడలు కంచం పెట్టాలి. అంతకు ముందు పెడితే ఊరుకోను.